చాట్స్‌వర్త్‌లో నాన్న

ఏప్రిల్ నెలాఖరుకి మా ఇంటి వెనకున్న చిన్న అడవంతా వెల్లుల్లి వాసన వేస్తుంది. ఇంగ్లండులో వాగుల పక్కన, చెట్ల నీడన అడవి వెల్లుల్లి దానంతటదే మొలుస్తుంది. వెడల్పాటి ఆకులు, గుత్తులుగా తెల్లటి పూలు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఇలాంటి ఒక అడవి దారిన వెళ్తూ, ఎవరింట్లోనో చారుకి పోపు పెడుతున్నారనుకుని చుట్టూ చూశాను. కనుచూపు మేరలో ఇల్లే లేదు.

ఆ ఆకులు లేచే రోజుల్లోనే మా క్వార్టర్స్‌లో "ఈ ఏడు చాట్స్‌వర్త్ ఎప్పుడు?" అన్న మాట మొదలయ్యేది. అందుకే వెల్లుల్లి వాసన తగిలితే చాలు, నా చేతులు ఫ్లాస్కుల కోసం, ప్లాస్టిక్ పట్టా కోసం వెతుకుతాయి. మొన్న కూడా ఆ అడవి దారిలో నడుస్తుండగానే అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకుని చాట్స్‌వర్త్ వెళ్దామా?" అంది. వెళ్దామన్నాను. నాన్న పోయాక నేను ఆ తోటలో అడుగు పెట్టలేదు. ఆ సంగతి దానికీ తెలుసు, నేనూ ఎత్తలేదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. చాట్స్‌వర్త్ అంటే షెఫీల్డ్ నుంచి ముప్పావుగంటలో చేరుకునే ఒక పాత ఎస్టేటు. డెర్బీషైర్ కొండల మధ్య, డెర్వెంట్ నది ఒడ్డున ఉంటుంది. 1549లో బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే ఆవిడ, ఆవిడ భర్త విలియం కేవెండిష్ ఆ భూమి కొన్నారు. వాళ్ళ వంశమే తర్వాత డెవన్‌షైర్ డ్యూకులైంది. ఇప్పుడున్న ఇల్లు మొదటి డ్యూక్ 1687లో మొదలుపెట్టింది. చుట్టూ వెయ్యెకరాల పార్కు, అందులో 105 ఎకరాల తోట. మన వైపు జమీందారీ ఎస్టేట్లు 1948 చట్టంతో పోయాయి. ఇక్కడ చట్టం పని పన్ను చేసింది. 1950లో పదో డ్యూక్ పోతే వారసత్వ పన్ను 80 శాతం పడింది. భూములు, విలువైన బొమ్మలు, హార్డ్‌విక్ హాల్ అనే ఇంకో పెద్ద భవంతి అన్నీ వదులుకుని ఈ ఒక్క ఇంటిని నిలబెట్టుకున్నారు. ఇప్పుడు ట్రస్టు నడుపుతోంది, టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్ళొచ్చు.

*

మా ఆయన ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా ఉన్న రోజులవి. క్వార్టర్స్‌లో నాలుగైదు తెలుగు కుటుంబాలుండేవి. ఎవర్నీ పేరుతో పిలిచేవాళ్ళం కాదు. కర్నూలు అక్క, వరంగల్ వాళ్ళు, గుంటూరు డాక్టరుగారు. మేమేమో గోదావరి వాళ్ళం. ఆదివారం ఎక్కడికైనా వెళ్దామంటే ముందు చూడాల్సింది ఆసుపత్రి రోటా. అది అందరి ఫ్రిజ్‌ల మీదా అంటించి ఉండేది. ఒకరికి ఆన్‌కాల్, ఒకరికి నైట్ డ్యూటీ, ఒకరికి పరీక్ష. అందరికీ ఒకే ఆదివారం ఖాళీ దొరకడమే పండగ. దొరికాక కూడా, బయల్దేరేముందు ఎవరి బ్లీప్ మోగుతుందో అని టెన్షనే. నడుముకి తగిలించుకునే ఆ చిన్న నల్ల డబ్బా కూత పెట్టిందంటే ఒక కారు ఖాళీ అయిపోయినట్టే. ఆ కుటుంబం తాలూకు పిల్లల్ని మిగతా కార్లలో సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళం, డాక్టరుగారు మాత్రం వార్డుకి.

వాతావరణం చూడ్డానికి ఇప్పటిలా ఫోన్లు లేవు. టీవీలో సీఫ్యాక్స్ ఉండేది. రిమోట్ మీద పేజీ నంబరు కొట్టి, నల్ల తెర మీద రంగురంగుల అక్షరాలు వచ్చేదాకా కూర్చోవాలి. మనకి కావలసిన పేజీ వచ్చేసరికి కళ్ళజోడు తుడుచుకుంటున్నామా, పేజీ తిరిగిపోయేది. మళ్ళీ మొదటి నుంచి. రాత్రి తొమ్మిదికి కర్నూలు అక్క గోడ మీద రెండుసార్లు కొట్టిందంటే "వాన లేదు" అని అర్థం.

అప్పుడు వంట మొదలయ్యేది. పులిహోర మా ఇంటి పని, అదీ ఆవ పెట్టిన పులిహోర. చింతపండు పులుసు దగ్గరపడేదాకా ఉడికించి, రాత్రే అన్నంలో కలిపి పెట్టేదాన్ని. ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు వేసి నూరిన ముద్ద మాత్రం పొద్దున అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. కరివేపాకు, మన సరుకులు దొరికే లీస్టర్ ఊరికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా తెస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కర్నూలు అక్క నిమ్మకాయ చిత్రాన్నం, భక్ష్యాలు తెచ్చేది. వరంగల్ వాళ్ళ దగ్గర ఎప్పుడూ సకినాల డబ్బా ఉండేది. సకినాలు విరుగుతున్న చప్పుడు కారు వెనక సీట్లో వినిపించకుండా షెఫీల్డ్ దాటిన గుర్తు లేదు.

ఇల్లూ తోటా చూడాలంటే టికెట్. కుటుంబమంతటికీ కొనాలంటే ఆ జీతాలకి బరువే. పార్కులో నడవడానికి, నది ఒడ్డున పట్టా పరుచుకోడానికి మాత్రం టికెట్ అక్కర్లేదు. అందుకని మేమంతా నదికి ఇవతలే ఉండిపోయేవాళ్ళం. పార్కులోకి దిగేచోట రోడ్డుకి అడ్డంగా ఇనప కమ్మీలు పరిచి ఉంటాయి, గొర్రెలు దాటకుండా. కారు వాటి మీదుగా వెళ్ళేటప్పుడు గడగడమని ఒళ్ళంతా ఊగేది. పిల్లలు "మళ్ళీ! మళ్ళీ!" అని అరిచేవాళ్ళు. ఆ చప్పుడుతో పిక్నిక్ మొదలైనట్టు లెక్క. అక్కణ్ణుంచి చూస్తే నది అవతల పసుపు రాయి భవంతి, దాని పక్కన చెట్ల పైకి ఒక్క తెల్లటి నీటి గీత లేచి కనిపించేది. అది ఫౌంటెన్ అని తెలుసు. అంతకుమించి ఎవరం ఆలోచించలేదు. నాన్న వచ్చేదాకా.

*

నాన్న పి.డబ్ల్యు.డి.లో ఓవర్సీరు. నా చిన్నతనమంతా బొబ్బర్లంక లాకుల దగ్గర క్వార్టర్స్‌లో గడిచింది. గోదావరి నీళ్ళు మధ్య డెల్టాకి, అంటే కోనసీమకి, వెళ్ళేది అక్కణ్ణుంచే. రాత్రి పడుకుంటే నీటి సద్దు వినపడుతూనే ఉండేది. మాకది అలవాటై వినపడేది కాదు గానీ, నాన్న మాత్రం నిద్రలోనే తేడా పట్టేసేవారు. "ఎవరో షట్టర్ ఎత్తారు" అని లేచి లాంతరు పట్టుకుని వెళ్ళిపోయేవారు.

అప్పటికింకా కాలవల మీద పడవలు తిరిగేవి. లాకులోకి పడవ రావడం చూడ్డానికి బడి నుంచి పరుగెత్తుకొచ్చేదాన్ని. వెనక తలుపులు మూస్తారు, ముందున్న తూములు మెల్లగా తీస్తారు. మొదట కింద ఎక్కడో సరంగు తలపాగా మాత్రం కనిపిస్తుంది. నీళ్ళు నిండుతుంటే మొహం, భుజాలు, ఆయన చేతిలోని గెడ, ఆ తర్వాత ధాన్యం బస్తాలు పైకొస్తాయి. చివరికి పడవ మొత్తం మా పాదాల ఎత్తుకి వచ్చేస్తుంది. అప్పుడు ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఎవరూ లాగలేదు, ఎత్తలేదు, నీళ్ళే ఎత్తాయి. తర్వాత లారీలొచ్చాయి, రోడ్లొచ్చాయి. పడవలు ఒక్కొక్కటే గట్టెక్కి అక్కడే చివికిపోయాయి.

కార్తీకమాసం వనభోజనాలకి లాకు స్టాఫ్ కుటుంబాలన్నీ కలిసి లంకలోకి వెళ్ళేవాళ్ళం. ఆ ఏర్పాట్లన్నీ నాన్నవే. వారం ముందే ఒక చిట్టా తయారయ్యేది. నీటి గేజీ రిజిస్టరు రాసే అదే గుండ్రటి చేతిరాత. మొదటి మాట ఎప్పుడూ ఉప్పే. "అన్నీ గుర్తుంటాయి, ఉప్పు మర్చిపోతాం" అనేవారు. ఆ తర్వాత గుండిగలు, కత్తిపీట, విస్తరాకులు, నిప్పుపెట్టె రెండు. ఇంకా కింద, ఎవరి పిల్లలు ఎవరి చెయ్యి పట్టుకోవాలో కూడా రాసేవారు. ఆ రోజు తెల్లవారుజామున గట్టు దిగి, గోదావరి మట్టం చూసి వచ్చాకే "ఇక ఎక్కండి" అనేవారు. లంకలో ఉసిరిచెట్టు కింద భోజనాలయ్యాక పెద్దవాళ్ళంతా నడుం వాల్చేవాళ్ళు. నాన్న మాత్రం మా పిల్లమూకని వెంటేసుకుని, ఇసకలో కాలవలు తవ్వించి, ఆకులు అడ్డంపెట్టి లాకులు కట్టించేవారు.

*

రిటైరయ్యాక అమ్మనీ నాన్ననీ ఒక వేసవికి ఇక్కడికి పిలిపించుకున్నాం. ఆత్రేయపురం పూతరేకులు, మామిడి తాండ్ర, మాగాయి జాడీ, ఇవన్నీ దిగాక పెట్టెలో బట్టలకి చోటెక్కడిదో నాకు అర్థం కాలేదు.

వచ్చిన మర్నాడే నాన్న కుళాయి తిప్పి, "అమ్మడూ, ఈ నీళ్ళెక్కడివి?" అన్నారు. కొండల్లో రిజర్వాయర్లున్నాయని మా ఆయన చెప్తే సంతోషపడ్డారు. ఆ ఆదివారానికి మాకు కావలసిన ఖాళీ దొరికింది. "మావయ్యగారికి ఈసారి లోపల తోట చూపిద్దాం, టికెట్ కొందాం" అన్నారు మా ఆయన. శనివారం సాయంత్రం నాన్న కవరు వెనకవైపు తిప్పి చిట్టా రాయడం మొదలుపెట్టారు. మొదటి మాట ఉప్పు. నేను ఏమీ అనకుండా ఒక చిన్న సీసాలో ఉప్పు పోసి బుట్టలో పెట్టాను.

తోటలో ముందు కనపడింది కాస్కేడ్. కొండవాలు మీంచి ఇంటివైపు దిగే రాతి మెట్లు, వాటి మీంచి పల్చగా జారుతూ వచ్చే నీళ్ళు. 1696లో గ్రిలే అనే ఫ్రెంచి ఇంజనీరు దీన్ని మొదలుపెట్టాడు. మొత్తం 24 వరసలు. ఏ వరసా ఇంకోదానిలా ఉండదు. వెడల్పు, ఎత్తు మారుస్తూ కట్టారు, నీటి చప్పుడు కూడా మారాలని. అప్పట్లో వేసవిలో పిల్లల్ని అందులో దిగి ఆడుకోనిచ్చేవారు. మావాళ్ళు ప్యాంట్లు మడిచేలోపే తడిసిపోయారు. నాన్న బూట్లూ మేజోళ్ళూ విప్పి ఒడ్డున పెట్టి, పంచె ఎగగట్టి, కింది వరస నుంచి పై వరసదాకా పక్కనే నడుస్తూ వెళ్ళారు. అక్కడక్కడ ఆగి కళ్ళు మూసుకునేవారు. "ఇక్కడ సద్దు మారింది చూడు" అన్నారు. నేను విన్నాను. నిజమే, మారింది. ఏళ్ళ తరబడి నది అవతల కూర్చుని సకినాలు తిన్నదాన్ని, ఆ రోజే విన్నాను.

తర్వాత ఇంటికి దక్షిణాన పొడుగాటి నీటి కొలను, అందులోంచి లేచే ఎంపరర్ ఫౌంటెన్. దగ్గరికెళ్తే దాని హోరు మాట వినిపించనివ్వదు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా సన్నటి తుంపర మొహాన పడుతుంది. నాన్న దాని చుట్టూ తిరిగి తిరిగి, అక్కడ కలుపు తీస్తున్న తోటమాలి దగ్గరికి నన్ను లాక్కెళ్ళారు. "పంపెక్కడుందో అడుగు."

అడిగాను. ఆయన నవ్వి, పంపు లేదన్నాడు. చేత్తో కొండ మీద అడవిని చూపించాడు.

నేను తెలుగులో చెప్పేలోపే నాన్నకి అర్థమైపోయింది. "పైన చెరువుంది!" అన్నారు. ఆ మొహంలో వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

ఆ కథ ఇదీ. 1844లో రష్యా చక్రవర్తి, జార్ మొదటి నికొలస్ ఇంగ్లండు వస్తున్నాడని, చాట్స్‌వర్త్‌కి కూడా రావచ్చని ఆరో డ్యూక్‌కి కబురందింది. జార్ ఇంట్లో ఉన్న ఫౌంటెన్ కంటే ఎత్తుగా నీళ్ళు లేపాలని డ్యూక్‌కి పట్టుదల. తోటమాలులందరికీ పెద్దగా ఉన్న జోసెఫ్ పాక్స్‌టన్‌కి అప్పజెప్పాడు. పాక్స్‌టన్ కొండ మీద ఎనిమిదెకరాల చెరువు తవ్వించాడు. బీడు నేలల్లో పారే వాననీటిని కాలవ తీసి అందులోకి మళ్ళించాడు. చెరువు నుంచి కిందికి ఇనప గొట్టం వేశాడు. చెరువుకీ కొలనుకీ ఎత్తులో తేడా సుమారు 350 అడుగులు. దివిటీల వెలుగులో రాత్రిళ్ళు కూడా పని చేయించి ఆరు నెలల్లో పూర్తి చేశాడు. నీళ్ళు 296 అడుగుల ఎత్తుకి లేచినట్టు లెక్క. జార్ మాత్రం చాట్స్‌వర్త్ రానే లేదు.

మధ్యాహ్నం పట్టా మీద భోజనాలయ్యాక పిల్లలు తాతయ్యని పట్టుకున్నారు, పంపు లేకుండా నీళ్ళు పైకెలా వెళ్తాయని. నాన్న ఖాళీ నీళ్ళ సీసా ఒకటి తీసుకున్నారు. "ఏవేయ్, ఓ పిన్నీసియ్యి" అని అమ్మ గాజులకున్న గుత్తిలోంచి ఒకటి తీయించి, సీసాకి ఒక పక్కగా, పైనొకటి, నడుమొకటి, అడుగున ఒకటి మూడు చిల్లులు పొడిచారు. చిల్లుల మీద పిల్లల వేళ్ళు పెట్టించి, నిండా నీళ్ళు పోసి, సీసాని ఎత్తి పట్టుకుని, "ఇప్పుడు వదలండి" అన్నారు. పైచిల్లు నీళ్ళు సీసాకి దగ్గర్లోనే పడ్డాయి. నడిమిది కాస్త దూరం వెళ్ళింది. అడుగు చిల్లులోంచి వచ్చిన ధార వరంగల్ వాళ్ళ అబ్బాయి చొక్కా తడిపేసింది. "పైనెంత నీరుంటే కింద అంత ఊపు. ఆ చెరువు ఈ సీసా అన్నమాట. ఆ గొట్టం మూతి పైకి తిప్పి పెట్టాడు, అంతే" అన్నారు. ఆ పిల్లలందరికీ ఇప్పుడు ముప్పై దాటాయి. ఎక్కడెక్కడో ఉన్నారు. కలిస్తే ఆ సీసా సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు.

చెరువు చూడందే కదలనన్నారు నాన్న. తోట బయట స్టాండ్ వుడ్ అనే అడవిలోంచి మెట్లదారి, బాటలు పైకి పోతాయి. దానికి టికెట్ అక్కర్లేదు. మఫ్లర్ చుట్టుకుని, ఆగి ఆగి ఎక్కారు. దారిలో 1582 నాటి హంటింగ్ టవర్ ఉంది. బెస్ ఆఫ్ హార్డ్‌విక్ కట్టించింది, నాలుగు మూలలా గుండ్రటి బురుజులతో బాగుంటుంది. నాన్న దాన్ని తలెత్తి ఒకసారి చూసి ముందుకు సాగిపోయారు. చెరువు గట్టు మీదకి చేరాక మాత్రం అరగంట కదల్లేదు. గట్టు వాలు చూశారు, నీళ్ళు పొర్లిపోయే చోటు చూశారు, ఎండుటాకు ఒకటి వేసి ఎటు కదులుతుందో చూశారు.

*

ఆ రాత్రి గైడ్‌బుక్ ముందేసుకుని కూర్చున్నారు. నాన్నకి ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు. మాట్లాడ్డానికే మొహమాటం. ఉన్నట్టుండి పిలిచారు. "అమ్మడూ, ఈ పాక్స్‌టన్ పుట్టింది 1803. మన కాటన్ దొర కూడా 1803 మే 15నే."

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ పుట్టినరోజు గోదావరి జిల్లాల్లో ఎవర్నడిగినా చెప్తారు. ఆ రోజు ఆయన విగ్రహానికి దండలు పడతాయి. పాక్స్‌టన్ పుట్టింది అదే ఏడు ఆగస్టులో. నాన్న ఇంకో లెక్క కూడా చెప్పారు. ఇక్కడ జార్ కోసం చెరువు తవ్వుతున్న 1844లోనే, అక్కడ కాటన్ దొర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టాలని సర్కారుకి నివేదిక రాశాడు. అంతకు పదేళ్ళ పైచిలుకు ముందే నందన కరువొచ్చి గుంటూరు సీమలో లక్షకు పైగా జనం పోయారు. గోదావరి పక్కనే పారుతున్నా డెల్టా పొలాలు ఎండాయి. రాసిన వెంటనే పని మొదలవలేదు. 1847లో మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది.

"ఇక్కడ ఆరు నెలల్లో చెరువూ కాలవా గొట్టం అన్నీ అయిపోయాయి" అన్నారు నాన్న. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాకు కోపం వచ్చింది. ఒక మనిషి సరదాకి దివిటీలు పెట్టి మరీ రాత్రిళ్ళు తవ్వారు. ఒక సీమ అన్నానికి మూడేళ్ళు కాగితాలు తిరిగాయి. రెండూ ఒకే కాలం. ఇప్పటికీ ఆ ఫౌంటెన్ తలుచుకుంటే నాకీ లెక్క ముందు గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా. నాన్నకి మాత్రం పాక్స్‌టన్ మీద కోపం లేదు. తోటమాలి కొడుకు కాదు, డబ్బున్నవాడు కాదు, రైతు బిడ్డ. 23 ఏళ్ళు నిండకుండానే ఈ తోటకి పెద్దగా వచ్చాడు. వచ్చిన రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఎవరూ కనపడలేదని గోడెక్కి దూకి, తోటంతా తిరిగి, పనివాళ్ళని పనిలో పెట్టాడని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత 1851లో లండన్‌లో లేచిన పెద్ద అద్దాల భవనం, క్రిస్టల్ ప్యాలెస్, గీసింది ఆయనే. "పనివాడు" అన్నారు నాన్న పుస్తకం మూస్తూ. ఆయన నోట ఒక మనిషికి అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

*

అరటిపండు సంగతి కూడా ఆ పుస్తకంలోనే దొరికింది. 1830 ప్రాంతంలో మారిషస్ వైపు నుంచి వచ్చిన ఒక పొట్టి రకం అరటిమొక్కని పాక్స్‌టన్ చాట్స్‌వర్త్ అద్దాల ఇంట్లో పెంచాడు. 1835లో అది పువ్వేసింది. డ్యూక్ ఇంటిపేరు మీద దానికి కేవెండిష్ అని పేరు పెట్టారు. ఈరోజు ప్రపంచమంతా అంగళ్ళలో అమ్మే అరటిపండు ఎక్కువగా ఆ రకమే. మన పొట్టి పచ్చ అరటి, పెద్ద పచ్చ అరటి, ఇప్పుడందరూ వేసే గ్రాండ్ నైన్ కూడా ఆ కుటుంబంలోవే. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "మన చక్కెరకేళి ముందు ఇవేం పళ్ళు?" అంది. రావులపాలెం అరటి మార్కెట్ పక్క ఊళ్ళలో పెరిగిన మనిషి, ఆవిడతో వాదించేవాళ్ళెవరు?

ఇంటి లోపల అమ్మదే రాజ్యం. పైకప్పు బొమ్మలు, బంగారు పూత కిటికీలు ఆవిడకి అంతగా పట్టలేదు. ఒక తలుపు మీద వయొలిన్ తగిలించినట్టు వేసిన బొమ్మ ఉంది. మూడు వందల ఏళ్ళ నాటిది. అది నిజమైనదేనని పిల్లలు పందెం కాశారు. అమ్మ దగ్గరికెళ్ళి చూసి, "తీగ నీడ కూడా వేశాడే!" అని ముచ్చటపడింది. అన్నిటికంటే ఆవిడకి పట్టింది యుద్ధకాలం కథ. రెండో ప్రపంచ యుద్ధంలో వేల్స్ నుంచి పెన్‌రోస్ కాలేజీ అనే ఆడపిల్లల బడిని ఈ ఇంట్లోకి మార్చారు. ఏళ్ళ తరబడి ఆ పిల్లలు ఆ మహారాజ గదుల్లో వరసగా మంచాలు వేసుకుని పడుకున్నారు. మా అమ్మ ఆడపిల్లల హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. "చలికాలం ఇంత ఎత్తు గదుల్లో ఎలా పడుకున్నారో తల్లీ! స్నానాలెక్కడ? తలలెవరు దువ్వారు?" అని అక్కడున్న గైడ్‌ని నాచేత అడిగించింది. గైడ్ ఆవిడ కూడా రిటైరైన టీచరే. ఇద్దరూ చేతులు పట్టుకుని అక్కడే ఉండిపోయారు, మధ్యలో నేను తెలుగూ ఇంగ్లీషూ మోస్తూ.

వచ్చేదారిలో ఎడెన్సర్‌లో ఆగాం. ఎస్టేటు ఊరు అది. డ్యూక్ కిటికీలోంచి ఊరు కనపడకూడదని పాతవి తీసేసి, పాక్స్‌టన్ చేత కొత్తగా కట్టించారు. ఒక ఇల్లు ఇంకో ఇంటిలా ఉండదు. చర్చి వెనక వాలులో అమెరికా ప్రెసిడెంటు కెనెడీగారి చెల్లెలి సమాధి ఉంది, అందరూ దానికోసం వెళ్తారు. ఆవిడ ఈ ఇంటి కోడలు. నాన్న పాక్స్‌టన్ సమాధి వెతుక్కుంటూ వెళ్ళారు. దాని ముందు బూట్లు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక తెల్లదొరసాని కుక్కతో అటుగా వెళ్తూ ఆగి, తనూ టోపీ తీసింది.

*

మనవరాలు ఫోన్‌లోనే అన్నీ చూసేసింది. టికెట్లు ముందే బుక్ చేసుకోవచ్చట. ఇల్లూ తోటా కలిపి ఒకటి, తోట మాత్రమే ఒకటి, మేకలూ పందిపిల్లలూ ఉండే ఫార్మ్‌యార్డ్‌కి వేరేది. కారు పార్కింగ్ కూడా ముందే కట్టుకోవచ్చు. "అమ్మమ్మా, కాస్కేడ్‌లో నీళ్ళు లేవంట, రిపేర్ చేస్తున్నారంట" అంది దిగులుగా. మూడు శతాబ్దాల రాళ్ళ కింద నీళ్ళు కారిపోతున్నాయి, విప్పి మళ్ళీ కట్టాలి. దానికి చెప్పాను, మా వైపు కూడా ఏటా ఎండాకాలం కాలవలు కట్టేసి పూడిక తీసి, గట్లు సరిచేసి, లాకు తలుపులకి రంగేస్తారని. ముత్తాతగారు ఆ నెలల్లో ఇంటికే వచ్చేవారు కాదని. "అయితే మంచిదే" అంది.

అమ్మాయి ప్లాను వేరే. ముందు ఫార్మ్‌యార్డ్, ఆటస్థలం, తర్వాత కెఫేలో భోజనం, టైం ఉంటే తోట. చిన్నాడికి ఆరేళ్ళు, కొండెక్కలేడంటుంది. నేను ఒప్పుకోలేదు. ముందు స్టాండ్ వుడ్ ఎక్కి చెరువు చూడాలి. అక్కణ్ణుంచి దిగి ఫౌంటెన్ దగ్గరికి రావాలి. నీళ్ళు వచ్చే దారినే మనం రావాలి. ఆ తర్వాత మేకలెక్కడికీ పోవు. చిన్నాడు అలసిపోతే వాళ్ళ నాన్న భుజాలున్నాయి. కెఫే వద్దు, నది ఒడ్డున పట్టా వేద్దాం, పులిహోర నాది. కర్నూలు అక్కకి కూడా ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పులట, కొండ ఎక్కదు గానీ భోజనాల టైముకి ఎడెన్సర్ వైపు నుంచి వస్తానంది. చిత్రాన్నం తనదేనట. ఈసారైనా రెండూ ఒకే రోజు వద్దంటే వినదు.

చిట్టా రాసి వాట్సాప్‌లో పెట్టాను. ఉప్పు, ఆవముద్ద విడిగా డబ్బాలో, పెరుగన్నం, మాగాయి, పట్టా, గొడుగులు, మార్చుకునే మేజోళ్ళు, ఖాళీ సీసాలు రెండు, పిన్నీసులు. పిన్నీసులెందుకని అల్లుడు అడిగాడు. వచ్చాక చూపిస్తానన్నాను. ఎనిమిదిన్నరకల్లా బయల్దేరాలని రాస్తే అమ్మాయి తొమ్మిదని జవాబిచ్చింది. ఎనిమిదిన్నరే అని మళ్ళీ పెట్టాను.